ఊ కొట్టిన వేలు

నాకంటే ముందు మా అమ్మకు ఒక ఆడబిడ్డ పుట్టి, తొమ్మిది రోజులు బతికి పోయింది. పేరు పెట్టలేదు. అప్పుడు అమ్మ ఆస్పత్రిలో ఒళ్లు తెలియని జ్వరంలో ఉంది. మా నాయనా, మా చర్చి సంఘంలో ఇంకొకాయనా కలిసి బిడ్డను గుడ్డలో చుట్టి ఊరికి తీసుకొచ్చి సమాధుల తోటలో పూడ్చిపెట్టారు. బాలింత అని అమ్మను చాలా రోజులు అటువైపు పోనివ్వలేదు. ఆమె వెళ్లేనాటికి అక్కడ గుర్తు ఏదీ లేదు. అంత చిన్న బిడ్డకు సిలువ నాటే అలవాటు మా ఊళ్లో లేదు. ఎవరైనా ఆ మాటెత్తితే మా నాయన కండువా దులుపుకుని బయటికి వెళ్లిపోయేవాడు. నా చిన్నతనంలోనే ఆయన కూడా పోయాడు.

ఈస్టరు తెల్లవారుజామున మావాళ్లంతా తమ తమ సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తారు. అమ్మ, నాయన సమాధి మీద ఒకటి వెలిగించి, రెండోది చేతిలో పట్టుకుని నిలబడేది. సముద్రపు గాలికి అది ఆరిపోయేది. మళ్లీ వెలిగించుకునేది. తెల్లగా తెల్లారేదాకా అట్లా నిలబడి, మిగిలిన ముక్కను కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చేది. చిన్నప్పుడు ఆ రెండోది నాకు వెలుతురు చూపించడానికి పట్టుకుందనుకునేవాణ్ని.

ఆ కొవ్వొత్తి పెట్టాల్సిన చోటు ఒక కంప్యూటర్లో ఉండేది. దాన్ని పోగొట్టింది నేనే. చిప్పు మీదికి నెట్టొచ్చు, ఉప్పు గాలి మీదికి నెట్టొచ్చు. నలుగురి దగ్గర అట్లాగే నెట్టాను కూడా.

నెల్లూరులో నాది కంప్యూటర్లు బాగుచేసే షాపు. పనిమంతుడనే పేరుంది, నోరు మంచిది కాదనే పేరు అంతకంటే ఎక్కువుంది. "మొన్నటిదాకా బాగానే ఉందన్నా" అని మొదలుపెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. చచ్చిన ప్రతిదీ మొన్నటిదాకా బాగానే ఉంటుంది.

మా షాపులో ఒక మాట వాడుక: వై కొట్టు. మిషను ప్రతిదానికీ ఏదో ఒకటి అడుగుతుంది. ఇది మార్చేదా, అది తీసేసేదా, మొదలుపెట్టేదా. అవునంటే వై, కాదంటే ఎన్. అడిగినదంతా చదువుతూ కూర్చుంటే పొద్దుగూకినా ఒక్క మిషను తేలదు. కథ వినే పిల్లలు నిద్రకళ్లతో ఊ కొట్టినట్టు మేం వై కొడతాం. చదవకుండా కొట్టగలగడమే అనుభవం అనుకునేవాణ్ని. పనిలో చేరినవాళ్లకు కూడా అదే చెప్పేవాణ్ని.

మా ఊరు కొడవలూరు దగ్గర హైవే దిగి సముద్రం వైపు పోతే వస్తుంది. వరిచేలు అయిపోయి రొయ్యల గుంటలు మొదలయ్యే చోట. మా నాయనతో కలిసి బిడ్డను పూడ్చినాయన మా ఊరి సంఘానికి సెక్రటరీ. రక్తసంబంధం లేదుగానీ నేను పెదనాయనా అని పిలిచేవాణ్ని. ఇరిగేషన్లో పనిచేసి, కాలవలు కొలిచీ కొలిచీ రిటైరైన మనిషి. అడుగూ అంగుళమూ లేకుండా మాట్లాడేవాడు కాదు. "మీ ఇల్లు ఎంత దూరం పెదనాయనా" అంటే "గుడి గడప నుంచా, గేటు నుంచా" అని అడిగేవాడు.

ఒక తుపానుకు గుడి వెనక గది కప్పు కారి, సంఘం సమాధుల రిజిస్టరు తడిసి ముద్దయింది. పేజీలు తడిసిన అప్పడాల కట్టలాగా అంటుకుపోయాయి. పెదనాయన వాటిని ఒక్కొక్కటే ఊడదీసి, చదవగలిగింది చదివి, చదవలేనిది తన జ్ఞాపకంలోంచి తీసి, టేపు పెట్టి తోటంతా కొలవడం మొదలుపెట్టాడు. ప్రహరీ నుంచి ఇన్ని అడుగులు, గేటు నుంచి ఇన్ని అడుగులు. నేను ఒక పాత కంప్యూటరు బాగుచేసి గుడికిచ్చాను. గళ్ల షీటు ఎట్లా వాడాలో చూపించాను. ఒక్కో గడి ఒక్కో సమాధి. ఒంటివేలితో కొట్టేవాడు. "ఏంది పెదనాయనా, పేపర్లో పదాల గళ్లు నింపినట్టు నింపుతుండావు" అని ఎగతాళి చేస్తే నవ్వేవాడు కాదు. ఒకసారి శ్రీహరికోట నుంచి రాకెట్టు లేచినప్పుడు ప్రహరీ మీద చెయ్యి ఆనించి దాన్నే చూస్తూ అన్నాడు: "అంత పైకి పంపించి అది యాడుండాదో చెప్తారు. మనం ఆరడుగుల లోపల పెట్టుకోని చెప్పలేకపోతున్నాం."

షీటు పెరిగేకొద్దీ గొడవలు కూడా పెరిగాయి. మా నాయన పక్క గడి నాకు రాయి అనేవాళ్లు కొందరు, అది మా మేనత్తది కాదు, చెరిపెయ్యి అనేవాళ్లు కొందరు. ఆయన ఇంటికి పోయినప్పుడు ఎవరో గదిలోకి వచ్చి రెండు గళ్లు మార్చారు కూడా. "ఎవరూ చెయ్యి పెట్టకుండా తాళం వెయ్యరా" అని నాకు కబురు పెట్టాడు. పనిలో పనిగా కొత్త విండోస్ కూడా ఎక్కిద్దామని బోర్డుకు చిన్న చిప్పు ఒకటి గుచ్చాను. గోరంత ఉంటుంది. సెక్యూరిటీ చిప్పు అంటాం. డిస్కుకు వేసిన తాళానికి చెవి ఆ చిప్పు దగ్గర ఉంటుంది. చిప్పు కనబడితే కంప్యూటరు మామూలుగా తెరుచుకుంటుంది. కనబడకపోతే నలభై ఎనిమిది అంకెలు అడుగుతుంది. ఆ అంకెలు కూడా లేకపోతే డిస్కులో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, ఎవరికీ అందదు.

ఆ అంకెలు నేను చదువుతుంటే ఆయన మా షాపు గులాబిరంగు బిల్లు కాగితం వెనక రాసుకున్నాడు. రాసినవి మళ్లీ నాకు ఒప్పజెప్పాడు, ఆదివారం బడిలో వాక్యం ఒప్పజెప్పినట్టు.

"ఇది యాడ పెట్టమంటావు?" అన్నాడు.

"ఎప్పటికీ పోని చోట పెట్టు పెదనాయనా."

"అట్టాంటి చోటు నాకొకటే ఉండాది" అని బైబిలు తెరిచి అందులో పెట్టుకున్నాడు.

షీటు ఒక కాపీ పెన్‌డ్రైవులోకి తీసి పెడతానన్నాను. "ఇంకా నాలుగు వరసలుండాయి. అయినాక తీద్దువులే" అన్నాడు. అర నిమిషం పని. అప్పుడే తీసెయ్యొచ్చు. నాకు నెల్లూరు తిరిగిపోయే తొందర.

క్రిస్మస్ ఆరాధన అయ్యాక, నేను బండి తీస్తుంటే, అమ్మ గుడి మెట్ల దగ్గర పెదనాయన ముందు నిలబడి ఉంది. ఇన్నేళ్లలో ఆమె ఆ మాట ఎవరినీ నోరు తెరిచి అడగడం నేను చూడలేదు. ఆయన తల వంచుకుని విన్నాడు. "నీ బిడ్డ గడి రాసి పెట్టినానమ్మా. వరసా నంబరూ అన్నీ ఉండాయి. నోటిలెక్క చెప్పకూడదు, కొలిచి చూపిస్తా. ఈస్టరుకు రాయి పెట్టిద్దాం" అన్నాడు.

దారిలో అమ్మ నా భుజం పట్టుకుని వెనక కూర్చుంది. బండి కొడవలూరు దాటింది. తర్వాత, "చిన్నబిడ్డకు పెద్దరాయి బరువు గదరా, పలకంత చాలదా?" అని అడిగింది. చాలమ్మా అన్నాను. హైవే మీద నాకు కళ్లు సరిగ్గా కనబడలేదు.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలు మొదలుకాకముందే పెదనాయన పోయాడు. టేపు చేతిలో ఉండగానే తోటలో కూలబడ్డాడట. తెల్ల బట్టలు కట్టి, చేతులు గుండెల మీద పెట్టి, ఆయన బైబిలు ఆ చేతుల కింద పెట్టారు. మావాళ్లలో చాలామందిని అట్లాగే సాగనంపుతాం. ఆయనది బాగా వాడిన బైబిలు, మధ్యలో ఎన్నెన్నో కాగితాలు పెట్టి ఉబ్బిపోయింది. పెట్టె మూత సరిగ్గా పడకపోతే ఒకాయన బైబిలును కొంచెం నొక్కాడు. పెట్టె మోసిన నలుగురిలో నేనొకణ్ని. ఆ ఉబ్బు చూస్తూ కూడా నాకు ఆ కాగితం గుర్తుకు రాలేదు.

ఆ ఈస్టరుకు కూడా అమ్మ చేతిలో రెండో కొవ్వొత్తి అట్లాగే ఉంది. కంప్యూటరు ఉంది గదా, ఎప్పుడో ఒకప్పుడు తెరిచి చూద్దాంలే అనుకున్నాను. గుడి వెనక గదికి తాళం వేశారు. ఆ గది కిటికీ రెక్క ఊడి, రొయ్యల గుంటల వైపు నుంచి ఉప్పు గాలి నేరుగా లోపలికి కొడుతుందని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

వానాకాలం ముందు ఒక ఆదివారం సంఘంలో ప్రకటన చేశారు. చుట్టూ గుంటలు తవ్వినప్పటి నుంచి తోటలో రెండడుగులు తవ్వితే నీళ్లు ఊరుతున్నాయి. అంతకుముందు నెల ఒక పెద్దామెను పూడ్చేటప్పుడు పెట్టె తేలింది. ఇద్దరు దాని మీద నిలబడి తొక్కితేగానీ దిగలేదు. ఆమె కొడుకులు చూస్తుండగానే. అందుకని తోటంతా మూడడుగుల ఎత్తున గ్రావెలు తోలాలని కమిటీ తీర్మానం. ఎవరి సమాధుల దగ్గర వాళ్లు సిమెంటు గుంజ నాటుకోవాలి. గుంజ ఉన్నవాటి మీద తర్వాత మళ్లీ గుర్తు కట్టుకోవచ్చు. లేనివి అడుగున పోతాయి. ఇంకో వారం గడువు, ఆ పై సోమవారం నుంచి టిప్పర్లు వస్తాయి.

అమ్మ పాటల పుస్తకం మూసింది. "కంప్యూటరు తెరువు" అంది, నా వైపు చూడకుండా.

ఆ సాయంత్రమే దాన్ని దుప్పటిలో చుట్టి షాపుకు తెచ్చాను. మర్నాడు పొద్దున్నే అమ్మ నాతోపాటు షాపుకు వచ్చింది. ఎప్పుడూ వచ్చేది కాదు. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని చేతిసంచీ ఒళ్లో పెట్టుకుంది. స్విచ్చి వేశాను. నీలం తెర వచ్చింది. నలభై ఎనిమిది అంకెలు అడిగింది.

నాకేం కంగారు లేదు. పెదనాయన భార్యకు ఫోను చేసి, అమ్మ కూడా వినాలని స్పీకరు పెట్టాను.

"పెద్దమ్మా, పెదనాయన దగ్గర మా షాపు కాగితం ఒకటుండాల. గులాబిరంగుది, వెనక అంకెలు రాసింది."

"నాకు తెలుసు అబ్బయా. బైబిల్లో పెట్టుకోనుండాడు."

"ఆ బైబిలు యాడుంది?"



"యాడుండాదంటావేందిరా? పెట్టె మోసింది నువ్వు గాదా? ఆయన చేతుల్లోనే పెట్టి పంపించినాం గదా."

ఫోను పెట్టేశాను. తోటలో ఎవరెవరు ఎక్కడున్నారో చెప్పే లెక్కకు తాళంచెవి ఆ తోటలోనే, ఎక్కడుందో అందరికీ తెలిసిన కొత్త సమాధిలో ఉంది. అక్కడ రెండడుగులకే నీళ్లు. గులాబి కాగితం ఈపాటికి గుజ్జయి ఉంటుంది. అయినా నా బుర్ర ఎంత లోతు, ఎంతమంది కావాలి అని లెక్క వేస్తూనే ఉంది.

"తవ్వొద్దు" అంది అమ్మ.

"తవ్వుతానని నేనెప్పుడన్నా?"

"నోటితో అనలా. ఆయన్ని కదిలించొద్దు."

ఇక మిగిలింది చిప్పు. అది కనబడితే అంకెల అవసరమే లేదు. సెట్టింగుల్లోకి వెళ్లి చూశాను. సెక్యూరిటీ డివైసు దొరకలేదు అని ఉంది. దాన్ని ఎవరైనా ఆపేశారేమోనని చూశాను. ఆపడానికి, పెట్టడానికి ఉండాల్సిన వరసే అక్కడ లేదు. బోర్డు మీది బిళ్ల బ్యాటరీ చచ్చి, తారీఖు ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంది. బ్యాటరీ మార్చి తారీఖు సరిచేశాను. మళ్లీ వేస్తే మళ్లీ దొరకలేదు. అప్పుడు విప్పి చిప్పును పీకి భూతద్దం కింద పెట్టాను. కాళ్లన్నీ చిలుము పట్టి పచ్చగా ఉన్నాయి. ఒక కాలైతే ఉప్పు తినేసి వెంట్రుకంత మిగిలింది. మా సముద్రం ఒడ్డున ఏ ఇనుమూ రాగీ నిలవదు. ఇళ్ల కిటికీ చువ్వలనే తినేస్తుంది, ఇదెంత.

చెన్నైలో డిస్కుల్లోంచి పోయిన ఫైళ్లు తీసే అతను ఒకడు తెలుసు. ఫోను చేశాను. అంతా విని, అరవయాసతో నిదానంగా చెప్పాడు: "అంకెలు లేకపోతే నేను కూడా ఏం చెయ్యలేను అన్నా. చిప్పు లేస్తే చాలు, లోపల చెవి అట్లే ఉంటుంది. కానీ లేచినాక బోర్డు ఏమన్నా అడిగితే మాత్రం చదివి చెయ్యండి."

నాకు తిక్క రేగింది. "నువ్వు నిక్కర్లు వేసుకునేటప్పటి నుంచి నేనిదే పని చేస్తుండా" అని పెట్టేశాను. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నానో ఆ మాట.

మధ్యాహ్నం దాటింది. అమ్మ అన్నానికి రానంది. టీ తెప్పిస్తే సగం తాగి పక్కన పెట్టింది. నేను ఒక్కో కాలికీ చిలుము గీకి, స్పిరిటుతో తుడిచి, రబ్బరుతో రుద్ది, తెగిపోబోతున్న కాలికి వైరులోంచి తీసిన ఒక్క రాగిపోగు అతికించాను. చెయ్యి వణక్కుండా చేశాను. ఆ మాట నిజం. ఆ రోజు నా చెయ్యి చేసిన పని చూసి నాకే ముచ్చటేసింది.

చిప్పు గుచ్చి స్విచ్చి వేశాను. ఫ్యాను తిరిగింది. తెర మీద తెల్ల అక్షరాలు వచ్చాయి. మొదటి వరస చదివాను: సెక్యూరిటీ డివైసు దొరికింది.

"అమ్మా, దొరికింది!" అని వెనక్కి తిరిగాను.

అమ్మ స్టూలు మీంచి లేచి నిలబడింది. ఆమె ముఖం నేను అట్లా ఎప్పుడూ చూడలేదు. పెళ్లికూతురి ముఖంలాగా ఉంది. ఆ ముఖం చూస్తూనే, వెనక్కి చెయ్యి చాపి, వై కొట్టాను.

చూసి కొట్టలేదు. కొట్టాలని కూడా అనుకోలేదు. తెర మీద ప్రశ్న ఉందని వేలికి తెలుసు, ప్రశ్న ఉంటే ఏం చెయ్యాలో వేలికి తెలుసు. తిరిగి చూసేసరికి ఆ అక్షరాలు ఇంకా ఒక్క క్షణం ఉన్నాయి. ఇది కొత్త డివైసు, లోపలున్న పాత తాళంచెవులన్నీ చెరిపి మొదలుపెట్టేదా, తాళం వేసిన డిస్కు ఉంటే అది ఇక తెరుచుకోదు, అని ఉంది. ఎన్ కొడితే ఉన్నది ఉన్నట్టు ఉంచుతానని కూడా ఉంది. అన్నీ చెప్పింది పాపం. తర్వాత తెర నల్లబడి, నీలం తెర వచ్చి, అంకెలు అడిగింది.

ఆపి మళ్లీ వేశాను. చిప్పు పీకి గుచ్చాను. సెట్టింగుల్లో ఇప్పుడు చిప్పు బ్రహ్మాండంగా కనబడుతోంది. ఖాళీగా ఉంది.

"దొరికిందన్నావే" అంది అమ్మ.

"ఇంకా టైము పడుతుందమ్మా" అన్నాను.

ఆటో ఎక్కించి ఇంటికి పంపాను. షట్టరు సగం దించుకుని కూర్చున్నాను. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. నోరున్నవాడికి నోటితో తీరుతుంది అంటారు. అరవడానికి ఎదురుగా ఎవరూ లేరు.

మంగళవారం నుంచి శుక్రవారం దాకా అమ్మ రోజూ సాయంత్రం ఒకే మాట అడిగింది, అయిందా అని. ఇంకా లేదు, ఇంకా లేదు అన్నాను. శుక్రవారానికి నాకొక ఆలోచన వచ్చింది. మంచి ఆలోచన అనే అనుకున్నాను. ఒక సిమెంటు గుంజ తీసుకుపోయి, నాయన సమాధి వెనక వరసలో ఖాళీగా కనబడే చోట నాటి, ఇదేనమ్మా అని చెప్పేస్తే సరి. ఎవరికి తెలుస్తుంది? పెదనాయన లేడు. నాయన లేడు. ఆమె కొవ్వొత్తికి ఒక చోటు దొరుకుతుంది. అబద్ధమే, కానీ ఎవరికి నష్టం?

శనివారం అమ్మను తీసుకుని ఊరికి పోయాను. తోటంతా గుంజలతో నిండి ఉంది. జనం తమవాళ్ల దగ్గర నాటుకుంటున్నారు, కొలతల దగ్గర గొడవపడుతున్నారు. నాయన దగ్గర ఒక గుంజ నాటి, అమ్మను అక్కడ కూర్చోబెట్టి, ఇంకో గుంజ కోసం నేను వెనక వరసలో గడ్డపార వేశాను. రెండడుగులు తవ్వేసరికి నల్లటి నీళ్లు ఊరాయి. గుంజ దించబోతుంటే అమ్మ వచ్చి పక్కన నిలబడింది. కొంగు ముడి విప్పి కొవ్వొత్తి తీసింది. ఈస్టరు నాడు సగం కరిగిన ముక్క.

"ఇదేనా?" అంది.

అవునని ఒక్క మాట అంటే అయిపోయేది. ఊ అన్నా చాలు.

"కాదమ్మా. నాకు తెలీదు. ఊరికే తవ్వినా."

ఆమె కొవ్వొత్తి పట్టుకుని అట్లాగే ఉంది. అప్పుడు మొత్తం చెప్పాను. చిప్పు లేచిందనీ, లోపల అంతా ఉండిందనీ, అది నన్ను అడిగిందనీ.

"ఏమని అడిగింది?"

"లోపలుండేదంతా చెరిపేసేదా అని."

"నువ్వేమన్నావు?"

"వై కొట్టినా. అంటే, ఊ కొట్టినట్టు."

"ఏమడిగిందో చూడకుండానే?"

"చూడకుండానే."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె నాయన సమాధి అరుగు మీద కూర్చుంది. గుంటల్లో రొయ్యలకు గాలి కొట్టే చక్రాలు తిరుగుతున్నాయి.

"నేనూ అంతే గదరా" అంది.

నాకు అర్థం కాలేదు.

"ఆస్పత్రిలో మీ నాయన మంచం దగ్గరకొచ్చి ఏందో అడిగినాడు. జొరంలో నాకేం ఇనపళ్లా. ఊ అన్నా. బిడ్డను ఒకసారి చూస్తావా, తీసకపోయేదా అని అడిగినాడంట. నేను ఊ అన్నానని తీసకపోయినాడు. తెలివొచ్చినాక, నాకు చూపించకుండా ఎట్ట తీసకపోతివి అని ఏడిస్తే, నువ్వే గదా ఊ అన్నావు అన్నాడు. ఇంక నేనేమడగను? మళ్లా ఏ మొహం పెట్టుకోని అడగను?"

అందుకే ఇన్నేళ్లు అడగలేదన్నమాట. అందుకే నాయన లేచి వెళ్లిపోయేవాడన్నమాట. అమ్మ ఆ బిడ్డ ముఖమైనా చూడలేదు. తొమ్మిది రోజుల్లో జ్వరం తగ్గి ఉంటే చూసేది. నేను తవ్విన గుంత పూడ్చాను. గుంజను భుజాన వేసుకుని బండి దగ్గరికి తెచ్చాను.  

సోమవారం నేను షాపు తెరవలేదు. అమ్మ పోదామంది, పోయాం. గేటు దగ్గర రెండు టిప్పర్లు ఎర్రమట్టి గ్రావెలుతో నిలబడి ఉన్నాయి. కమిటీలో ఒకాయన నోటుపుస్తకం పట్టుకుని, వచ్చినవాళ్లందరి గుంజలూ రాసుకుంటున్నాడు. మా దాకా వచ్చాడు.

"మీ ఆయనది గుంజ పడింది గదక్కా, చూసినా. ఇంకెవురన్నా ఉండారా మీవాళ్లు?"

అమ్మ ఆయన వైపు తిరిగింది.

"ఏమడిగినావు? ఇంకోసారి అడుగు" అంది.

ఆయన చెవుడనుకున్నాడేమో, గొంతు పెంచి మళ్లీ అడిగాడు. "ఇంకెవురన్నా ఉండారా అక్కా, ఈ తోటలో, మీవాళ్లు?"

"ఉండాది. ఆడబిడ్డ."

"యాడ?"

"తెలీదు."

"పేరు?"

"పెట్టలా."

"గుంజా లేకుండా, పేరూ లేకుండా ఏమని రాసేదక్కా?"

"ఉండాది అని రాసుకో."

ఆయన నా వైపు చూశాడు. నేను తల ఊపలేదు, ఊ అనలేదు. కాసేపు పెన్ను పట్టుకుని నిలబడి, చివరికి మా నాయన పేరు కింద ఒక వరస రాశాడు. వెనక మొదటి టిప్పరు తొట్టి పైకి లేస్తోంది. నేను ముందుకు వంగి, ఆయన ఏం రాశాడో మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివాను. ఆడబిడ్డ ఒకటి, ఉంది, అని రాశాడు.